రిక్వైర్‌మెంట్లకు తాళం వేస్తే ఆగుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆరుగురి బృందం, ఎనిమిది నెలల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు, అందులో నాలుగు నెలలు గడిచిపోయాయి. క్లయింటు వారానికి రెండు మూడు మార్పులు అడుగుతున్నారు. మొదట్లో సంతకాలు చేసిన పత్రానికీ ఇప్పుడు మీరు కడుతున్నదానికీ పోలిక తగ్గిపోతోంది. గడువు మాత్రం అంగుళం కదలలేదు. రిక్వైర్‌మెంట్లను, అంటే ఏమేం కట్టాలో రాసుకున్న జాబితాను, ఇంతటితో ఫ్రీజ్ చేసి (ఇక మార్చకుండా ఆపేసి), ఇకపై వచ్చే ప్రతి మార్పుకూ విడిగా డబ్బు అడుగుదామని మీ మేనేజరు అంటున్నారు. అది మంచిదేనా అని అడిగారు.

ఫ్రీజ్ ప్రకటించవచ్చు. మార్పులు మాత్రం ఆగవు. ఇరవై ఏళ్లలో నేను మూడుసార్లు ఆ పని చేశాను. మూడుసార్లూ మార్పులు పేరు మార్చుకుని వచ్చాయి. నిన్నటిదాకా ‘ఈ స్క్రీన్ ఇలా మార్చండి’ అన్నవారు మర్నాటి నుంచి ‘ఈ స్క్రీన్‌లో తప్పు వస్తోంది’ అనడం మొదలుపెట్టారు. మార్పుకు డబ్బు కట్టాలి, బగ్గుకు కట్టనక్కరలేదు కదా! ఇది బగ్గా, మార్పా అని వాదించుకున్న గంటలన్నీ కలిపితే ఆ మార్పుల్లో సగం చేసేసి ఉండేవాళ్లం.

ముందు అన్నీ రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, ఆ తర్వాతే కట్టడం అనే పద్ధతికి మూలపురుషుడిగా అమెరికన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు విన్‌స్టన్ రాయిస్‌ను చూపిస్తారు. ఆయన 1970లో రాసిన వ్యాసంలో పని దశలు మెట్లు మెట్లుగా దిగే బొమ్మ ఉన్న మాట నిజమే. ఆ పద్ధతికి తర్వాత స్థిరపడిన ‘వాటర్‌ఫాల్’ (జలపాతం) అనే పేరు మాత్రం అందులో లేదు. పైగా బొమ్మ వేసిన కాసేపటికే, దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ప్రమాదమనీ, వైఫల్యాన్ని కోరి తెచ్చుకోవడమేననీ ఆయనే రాశాడు. కొత్తరకం వ్యవస్థయితే ముందు చిన్నగా ఒకసారి కట్టి చూడమన్నాడు, క్లయింటును మధ్యమధ్యలో కలుపుకోమన్నాడు. బొమ్మ చూసినవాళ్లలో చాలామంది పేజీ తిప్పినట్టు లేదు.

పత్రం లావుగా ఉంటే మార్పులు రావనే నమ్మకం కూడా అలాంటిదే. అమెరికాలో ఎఫ్‌బీఐ తన కేసుల నిర్వహణ కోసం తలపెట్టిన ‘వర్చువల్ కేస్ ఫైల్’ ప్రాజెక్టుకు రిక్వైర్‌మెంట్ల పత్రం 800 పేజీలు దాటింది. అయినా మార్పుల వరద ఆగలేదు. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. ఆ వైఫల్యానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, 800 పేజీలు ఎవరినీ కాపాడలేదన్నది మాత్రం ఖాయం.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2001లో పదిహేడు మంది కూర్చుని రాసిన ఎజైల్ (చిన్న విడతల్లో, మార్పులకు వీలుగా సాఫ్ట్‌వేర్ కట్టే పద్ధతి) ప్రకటన, ఆలస్యంగా వచ్చిన మార్పులనైనా స్వాగతించమంటుంది. స్వాగతించమన్నారే గానీ ఉచితంగా చేసిపెట్టమని ఎక్కడా అనలేదు. ఆ ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని బృందాలను రాత్రింబవళ్లు పని చేయించిన మేనేజర్లను చాలామందిని చూశాను.

మీరు రాసిన దాన్నిబట్టి మీ అసలు ఇబ్బంది నాకు ఇలా కనిపిస్తోంది. క్లయింటు మార్పు అడిగే క్షణంలో దాని ధర వారికి కనబడటం లేదు. ధర అంటే నేను డబ్బు ఒక్కటే అనుకోవడం లేదు. ఎన్ని రోజులు పడుతుంది, ఏ పని వెనక్కు పోతుంది, ఇప్పటికే సరిగ్గా నడుస్తున్నది ఏది చెడిపోవచ్చు అన్నవన్నీ ధరే. ఇప్పుడు దాన్ని మీ ఆరుగురే మోస్తున్నారు, అడిగినవారికి దాని బరువు తెలియదు. తెలిస్తే చాలామంది తమంతట తామే తగ్గించుకుంటారు. నేను కళ్లారా చూసినదొకటి చెబుతాను.

ఒక సంస్థకు ఉద్యోగుల సెలవుల వ్యవస్థ కడుతున్నాం. పని చివరికొచ్చింది. హెచ్ఆర్ విభాగం నుంచి ఒక్క వాక్యం వచ్చింది: ‘అర రోజు సెలవు కూడా పెట్టుకునే వీలు కల్పించండి.’ మా డెవలపర్ చూసి, ‘ఒక చెక్‌బాక్సు పెడితే సరిపోతుంది సార్, రెండు గంటల పని’ అన్నాడు. ఒప్పుకోబోయి ఆగాను. ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాం.

డేటాబేస్‌లో సెలవు రోజుల సంఖ్య పూర్ణాంకం. దాన్ని మార్చాలి, పాత రికార్డులనూ సరిచూడాలి. అర రోజంటే ఉదయమా, మధ్యాహ్నమా? ఒకే తేదీన ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి దరఖాస్తు పెడితే? అప్పటికి మా నియమం ఒకే తేదీకి రెండో దరఖాస్తును తిరస్కరిస్తుంది. సోమవారం నుంచి బుధవారం వరకు సెలవు, బుధవారం మాత్రం అర రోజే అంటే ఎలా రాయాలి? ఆ సంస్థలో శుక్రవారం, సోమవారం రెండూ సెలవు పెడితే మధ్యలోని శనాదివారాలు కూడా సెలవు కిందే లెక్క. మరి శుక్రవారం మధ్యాహ్నం నుంచే సెలవైతే? ఈ రోజు ఎంతమంది సెలవులో ఉన్నారో చూపే నివేదికలో అర మనిషిని ఎలా చూపాలి? నెలాఖరున జీతాల వ్యవస్థకు మేము పంపే ఫైలులో దశాంశానికి చోటే లేదు, ఆ వ్యవస్థేమో వేరే సంస్థ చేతిలో ఉంది.

నలభై నిమిషాల్లో పదకొండు ప్రశ్నలు తేలాయి. వాటిలో మూడింటికి హెచ్ఆర్ దగ్గర కూడా జవాబు లేదు, వాళ్ల నిబంధనల్లోనే ఆ సంగతి లేదు. రెండు గంటలన్న పని తొమ్మిది రోజులకు వచ్చింది, అదీ జీతాల వ్యవస్థవాళ్లు సహకరిస్తే. ఈ ప్రశ్నలూ ఈ అంచనా ఒకే పేజీలో రాసి పంపాం. ‘కుదరదు’ అన్న మాట అందులో లేదు. రెండు రోజులకు హెచ్ఆర్ అధికారిణి ఫోను చేశారు. ‘ఒక్క రోజు దరఖాస్తుకే అర రోజు ఇవ్వండి, ఎక్కువ రోజుల సెలవుకు వద్దు. జీతం కోత పడే సెలవుకు అసలే వద్దు’ అన్నారు. జీతం కోత లేదంటే జీతాల ఫైలు జోలికి వెళ్లే పనే లేదు. మొత్తం నాలుగు రోజుల్లో ముగిసింది. సగానికి పైగా కోసేసింది ఆవిడే, మేము కాదు.

ఇప్పుడు మీ నాలుగు నెలల సంగతికి వద్దాం. ముందు వచ్చిన మార్పులన్నీ మెయిళ్లలోంచి, చాట్లలోంచి, మీ జ్ఞాపకంలోంచి బయటికి తీసి ఒకచోట రాయండి. ఒక్కొక్కదాని పక్కన అది ఎందుకు పుట్టిందో రాయండి. కొన్ని బయటి ప్రపంచంలోంచి వస్తాయి. పన్ను రేటు మారుతుంది, చట్టం మారుతుంది, క్లయింటు సంస్థ మరో సంస్థలో కలిసిపోతుంది. వాటినెవరూ ఆపలేరు. కొన్ని తెర మీద చూశాక పుడతాయి, కాగితం మీద చదివినప్పుడు తట్టనిది మౌస్ పట్టుకోగానే తడుతుంది. అవి నిజానికి మంచి మార్పులు, ఎంత త్వరగా వస్తే అంత చవక. కొన్ని, మొదట్లో అడగాల్సిన మనిషిని అడగకపోవడం వల్ల వస్తాయి. మేనేజరుతో మాట్లాడి కట్టేస్తాం, రోజూ ఆ స్క్రీన్ ముందు కూర్చునే గుమాస్తా మూడో నెలలో వచ్చి ‘మా పని ఇలా జరగదండీ’ అంటాడు. ఇక మిగిలినవి మార్పులే కావు, వాళ్లు చెప్పినదాన్ని మనం తప్పుగా అర్థం చేసుకున్నవి.

నా అనుభవంలో ఈ చివరి రెండు రకాలే ఎక్కువ. ‘క్లయింటు మనసు మార్చుకుంటున్నాడు’ అని బృందం విసుక్కునే చోట, మనసు మారింది తక్కువ, మనం కనుక్కోనిది ఎక్కువ. మీ జాబితా కూడా అలాగే తేలితే ఫ్రీజ్ వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, వెళ్లి ఆ గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోవాలి.

ఆ జాబితానే ఇకపై మీ మార్పుల పట్టీగా వాడండి. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు, ఎక్సెల్ షీటు చాలు. ఎవరు అడిగారు, ఏ తేదీన, ఎందుకు, ఏమేం తాకుతుంది, ఎన్ని రోజులు, దీనికోసం ఏది ఆగుతుంది, ఎవరు నిర్ణయించారు. వీటిలో జనం ఖాళీగా వదిలేసేది ‘ఎందుకు’ అన్న గడి. నేనైతే మిగతావన్నీ ఖాళీగా ఉన్నా ఊరుకుంటాను గానీ దాన్ని వదలను. ఒకసారి ఒక క్లయింటు పదిహేడు నివేదికలకూ ఎక్సెల్‌లోకి దింపుకునే బటన్ కావాలన్నారు. ఎందుకని అడిగితే, దింపుకుని లెక్క చేసుకుంటామన్నారు. ఏ లెక్క అంటే, పోయిన నెలతో తేడా. ఒక్క నివేదికలో పోయిన నెల అంకె పక్కనే చూపించాం. బటన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ పట్టీలోకి దారి ఒక్కటే ఉండాలి. ఇది మాటల్లో తేలిక, అమల్లో కష్టం, ఎందుకంటే అడ్డు వచ్చేది మొహమాటం. మా బృందంలో ఒక కుర్రవాడికి క్లయింటు వైపు విభాగాధిపతి నేరుగా ఫోను చేశారు. ‘బాబూ, బిల్లుల్లో నా ఆమోదం మెట్టు తీసేయ్, రోజుకు నలభై వస్తున్నాయి, చూడలేకపోతున్నాను’ అన్నారు. పెద్దాయన, పైగా ఆప్యాయంగా అడిగారు. ‘సరే సార్’ అని సాయంత్రానికి తీసేశాడు. రెండు వారాల తర్వాత ఆడిట్‌వాళ్లు రెండో ఆమోదం లేకుండా బిల్లులు వెళ్లిపోతున్నాయని పట్టుకున్నారు. ఎవరు తీయమన్నారంటే రాతలో ఏమీ లేదు. ఆ పెద్దాయనను అడిగితే ‘తీయవచ్చా అని అడిగానంతే’ అన్నారు. నోటిమాట నీటిమూట అని ఊరికే అనలేదు. దెబ్బ తిన్నది మాత్రం ఆ కుర్రవాడు.

అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతి డెవలపర్‌కూ ఒక వాక్యం నేర్పుతాను: ‘తప్పకుండా సార్, ఇప్పుడే రాసుకుంటున్నాను, రేపటిలోగా మా లీడ్ మీతో మాట్లాడతారు.’ ఇందులో కాదనడం లేదు, ఒప్పుకోవడమూ లేదు. అటువైపు కూడా ఒక్కరే ఉండాలి. క్లయింటు సంస్థలో మూడు విభాగాలు మూడు రకాలుగా అడుగుతుంటే వాళ్ల తగువు మీరు తీర్చలేరు. ‘మీలో ఎవరి మాట చివరిమాట?’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే, మీ ప్రాజెక్టుకున్న అతిపెద్ద ప్రమాదం అదేనని మీ మేనేజరుకు చెప్పండి.

ఒక జాగ్రత్త. బటన్ మీద అక్షరం మార్చడానికి కూడా పట్టీలో గడులన్నీ నింపమంటే అందరూ దొడ్డిదారి వెతుక్కుంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? అరపూటలోపు అయ్యేవాటికి వారానికి ఒక రోజు పక్కన పెట్టండి. ఆ రోజులో ఏది ముందు చేయాలో క్లయింటునే చెప్పమనండి. రోజు నిండితే మిగిలినవి వచ్చే వారానికి.

పెద్దవాటికి మాత్రం ఒకే ఒక ప్రశ్న: ఇది లోపలికి రావాలంటే ఏది బయటికి వెళ్లాలి? రెండు వారాల స్ప్రింట్లు (ముందే అనుకున్న పనితో సాగే విడతలు) నడుపుతున్నారని రాశారు కాబట్టి, మొదలైన స్ప్రింట్‌లోకి కొత్తది రానివ్వకండి. జనం వాడుతున్న వ్యవస్థే (ప్రొడక్షన్) ఆగిపోతే తప్ప. తర్వాతి స్ప్రింట్ కోసం కూర్చున్నప్పుడు ఉన్న పనులన్నీ రోజుల లెక్కతో సహా ఎదురుగా పెట్టండి. కొత్తది ఆరు రోజులైతే ఆరు రోజుల పని వాళ్ల చేతితోనే కిందికి దింపించండి. ‘రెండూ కావాలి’ అంటారు. మొదటి రెండుసార్లు తప్పకుండా అంటారు. అప్పుడు గడువు ఎన్ని రోజులు జరుగుతుందో చెప్పి మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని భరించలేక ‘సరే, ఎలాగోలా చూస్తాం’ అనేస్తాం మనం. నేను పోగొట్టుకున్న వారాంతాల్లో చాలా భాగం ఆ ఒక్క మాట వల్లే పోయాయి. డెన్వర్ విమానాశ్రయంలో సామాన్లను ఆటోమేటిక్‌గా తరలించే వ్యవస్థ కథ మీకు తెలిసే ఉంటుంది. పని సాగుతుండగా విమానయాన సంస్థలు కోరిన మార్పులను ఒప్పుకుంటూ పోయారు, ఆ మార్పులకు తగ్గట్టు గడువును సవరించలేదు. 1993 అక్టోబరులో తెరవాల్సిన విమానాశ్రయం 1995 ఫిబ్రవరిలో తెరుచుకుంది.

కోడ్ సంగతి కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను. మార్పు ధర తగ్గించే దారి చివరికి అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే చెప్పాడు: మాడ్యూళ్లను (ప్రోగ్రామ్‌లోని భాగాలను) పని జరిగే క్రమాన్నిబట్టి విడదీయకండి, మారే అవకాశమున్న నిర్ణయం ఒక్కొక్కటీ ఒక్కో మాడ్యూల్‌లో దాగి ఉండేలా విడదీయండి అని. మీ జాబితాలో ఏవి పదేపదే మారాయో ఇప్పుడు మీకు తెలుసు. ఆమోదాల క్రమమే నాలుగుసార్లు మారి ఉంటే, అది పన్నెండు ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉండకుండా ఒకచోటికి చేర్చండి, దానికి టెస్టులు (సరిగ్గా నడుస్తోందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాములు) రాయండి. టెస్టులు లేని కోడ్‌లో మార్పు చేయడానికి ఎన్ని రోజులో చెప్పవచ్చు, అది చేశాక ఇంకేం విరిగిందో కనుక్కోవడానికి ఎన్ని రోజులో చెప్పలేం.

అలాగని రేపు ఏది మారుతుందో అన్న భయంతో అన్నిటినీ సెట్టింగుల్లో పెట్టకండి. నేను ఒకసారి ఆ పిచ్చి పని చేశాను. క్లయింటు తన నియమాలు తానే మార్చుకునేలా రెండు నెలలు కూర్చుని ఒక రూల్ ఇంజిన్ కట్టాను, ఎంత మురిసిపోయానో చెప్పలేను. వాళ్లు దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. నియమం మార్చాలనుకున్న ప్రతిసారీ మాకే ఫోను చేశారు. పైగా వచ్చిన మార్పులేవీ నేను ఊహించిన వైపు నుంచి రాలేదు. మారినదాన్ని మళ్లీ మారేలా రాయండి, మారనిదాన్ని మామూలుగా రాయండి.

డెమోల గురించి మీరేమీ రాయలేదు, అందుకే అనుమానం. రెండు వారాలకోసారి మీవాళ్లు స్క్రీన్ పంచుకుని చూపిస్తుంటే, అవతలివాళ్లు ‘బాగుంది’ అంటుంటే, అది డెమో కాదు. ‘బాగుంది’ అంటే చూడలేదని అర్థం. మౌస్ వాళ్ల చేతికివ్వండి. ‘పరీక్ష1’, ‘పరీక్ష2’ అన్న పేర్లతో కాకుండా వాళ్ల సొంత డేటాతో, నిన్న వాళ్లు చేసిన పనే ఇందులో చేయమనండి. మధ్యలో సాయం చేయకండి. వాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ ఒక మార్పు దాగి ఉంది. ఏడో నెలలో రావాల్సింది ఆ పూటే బయటపడుతుంది. ఇలా చేసిన మొదటి నెలలో మార్పులు తగ్గవు, పెరుగుతాయి. మీ మేనేజరుకు ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇక డబ్బు సంగతి. మీది ఒకే మొత్తానికి ఒప్పుకున్న పని కాబట్టి అడగక తప్పదు. కానీ నాలుగు నెలలు ఉచితంగా చేసి రేపటి నుంచి హఠాత్తుగా బిల్లు పంపితే, తప్పు మీదైనట్టు కనిపిస్తుంది. చేసినవాటికి ఇప్పుడు డబ్బు అడగవద్దు. చేతులు కాలాయి, అంతే. ఆ జాబితాను మాత్రం రోజుల లెక్కతో సహా సమావేశానికి తీసుకెళ్లండి. ‘ఇప్పటివరకు ఇన్ని మార్పులు చేశాం, ఇన్ని రోజులు పట్టింది. మిగిలిన పనికి ఇన్ని రోజులు కావాలి, మన చేతిలో ఉన్నవి ఇన్ని’ అని చూపండి. ఫలానా తేదీ నుంచి, ఇన్ని రోజుల వరకు మార్పులు ఒప్పందంలోనే భాగం, ఆపైన వాటికి విడిగా అంచనా అని ప్రతిపాదించండి. మిగిలిన సమయంలో ఆరో వంతు మార్పులకని కేటాయించడం నా అలవాటు, మీ జాబితాను చూసుకుని మీ లెక్క మీరు వేసుకోండి.

ఆ కాగితాల్లో మొదటి పేజీ, మీరు తప్పుగా అర్థం చేసుకున్నవాటి జాబితా కావాలి. ‘ఇవి మా పొరపాట్లు, వీటికి పైసా అడగం’ అని మీరే ముందు చెప్పండి. మీ మేనేజరు ఒప్పుకోరేమో, మొదట్లో నా మేనేజరూ ఒప్పుకోలేదు. ఆ పేజీ చదివాక క్లయింటు రెండో పేజీని చూసే చూపు వేరుగా ఉంటుంది. సమావేశం అయ్యాక వీలైతే ఏం జరిగిందో ఇక్కడ రాయండి, ముఖ్యంగా చివరిమాట ఎవరిదో తేలిందా లేదా అన్నది.